పాలచీటీలోని అయిదు అంకెలు

మన సంఘములందు పాలు పోయు సభ్యులు దినమునకు రెండు మారులు చీటీ పుచ్చుకొనుచున్నారు. అందు పాల కొలత, వెన్నశాతము, ఎస్.ఎన్.ఎఫ్., ధర, రావలసిన సొమ్ము అను అయిదు అంకెలుండును. కడపటి అంకెను చూడని సభ్యుడు లేడు. తక్కిన నాలుగింటిని చదువువారు మిక్కిలి అరుదు. ఈ నెల పాఠమునకు ఆ చీటీనే పుస్తకముగా గైకొనుచున్నాము. ఏలయన మన గ్రామపు పాలధరను దూరదేశపు పచ్చికబీళ్లును, పట్టణములందలి పాలపొడి గిడ్డంగులును, మన యింటి మూలనున్న చెక్క బస్తాయు కూడ తాకుచున్నవి.

గత వేసవియందు ఒక గ్రామమున మేము పాలకేంద్రము వద్ద నిలిచియుండగా, ఒంటి గేదెతో కాలక్షేపము చేయు వృద్ధురాలొకతె చీటీ చేతబట్టుకొని వచ్చి, “అయ్యా, నా గేదెకు వెన్న 5.2 అట! పక్కింటి కోడలి గేదెకు 7 అట! రెండును ఒక్క చెరువు నీళ్లు త్రాగినవే, ఒక్క వాములోని గడ్డి తిన్నవే. ఈ యంత్రము మనిషిని చూచి అంకె వేయునా?” అని యడిగెను. కార్యదర్శి మొగము ఎఱ్ఱబారెను. మేమామెను తప్పుపట్టలేదు, అట్టి యనుమానమునకు తావీయని కేంద్రములు కొన్నియే గదా. మరునాటి తెల్లవారుజామున ఆమె కొట్టమునకు పోయి, పితుకుట చూచితిమి. చేతుల నొప్పిచేత ఆమె ముప్పాతికవరకు పితికి, మిగిలినది దూడకు విడుచుచుండెను. పొదుగునుండి మొదట దిగు పాలు పలుచనివి. తుది ధారలలోనే వెన్న మెండు. అనగా దూడ వెన్నను త్రాగుచుండెను, కేంద్రమునకు పలుచని పాలు పోవుచుండెను. దూడకు కావలసినది మొదటనే కుడిపి, పిమ్మట తుదివరకు పితుకుమని చెప్పితిమి. ఆమె మనుమడు ఆ పనికి పూనుకొనెను. వారము దినములకు చీటీ 6.6 చూపెను. ఆ కేంద్రపు యంత్రము నిర్దోషియని దీనివలన తేలినది. అన్ని కేంద్రముల యంత్రములును నిర్దోషులని తేలలేదు.

ఇక లెక్క. గేదెపాలకు పెక్కుచోట్ల కిలో వెన్నకింత యని ధర నిర్ణయింతురు. లెక్క తేలికగుటకై కిలో వెన్న 800 రూపాయలనుకొందము. 6 శాతము వెన్నగల పాలు 5 కిలోలు పోసిన 300 గ్రాముల వెన్న పోసినట్లు. 240 రూపాయలు రావలెను. అవే 5 కిలోలు 7 శాతమైన 350 గ్రాములు, 280 రూపాయలు. పూట కొక్కంటికి 40 రూపాయల భేదము. ఇప్పుడా 5 కిలోల పాలలో అరకిలో నీరు కలిపితిమనుకొందము. వెన్న 300 గ్రాములే యుండును, శాతము మాత్రము 5.45 కు దిగును. సొమ్ము ఆ 240 రూపాయలే. అంతటితో పోదు. 9 శాతముండిన ఎస్.ఎన్.ఎఫ్. 8.18 కి పడును. దానికి కోత వేరుగా పడును. నీరు పోయువాడు అన్యులను మోసగించుటకు పూర్వమే త్రైరాశికమున తప్పినవాడగుచున్నాడు.

ఎస్.ఎన్.ఎఫ్. అనగా వెన్నయు నీరును గాక పాలలో మిగిలిన మాంసకృత్తులు, పాలచక్కెర, లవణములు. యంత్రములేని చోట దీనిని లాక్టోమీటరు అంకెనుండి గుణింతురు. ఆ యంకెను నాలుగింట భాగించి, వెన్నశాతములో కొంత పాలును, దానిపైని ఒక స్థిరాంకమును కలుపుదురు. ఇచ్చట సభ్యులు చెవియొగ్గవలెను. ఈ సూత్రము అన్నిచోట్ల ఒక్కటి కాదు. లాక్టోమీటరు 28, వెన్న 6 గల పాలకు, వెన్నను 0.21 చే గుణించి 0.36 కలుపు సూత్రమున ఎస్.ఎన్.ఎఫ్. 8.62 వచ్చును. వెన్నను 0.25 చే గుణించి 0.44 కలుపు సూత్రమున 8.94 వచ్చును. పాలు అవే, బిందె అదే, గేదె అదే; సూత్రము మారగా కోత మారినది. మన సమాఖ్య ఏ సూత్రమును వాడుచున్నదో ఎన్నడైన అడిగితిరా? అడుగుట దురుసుతనము కాదు. సంఘమునకు యజమానులు సభ్యులే.

వెన్నకు పాతపద్ధతి గెర్బరు పరీక్ష నేటికిని తీర్పరి వంటిది: గంధకామ్లము 10 మిల్లీలీటర్లు, పాలు 10.75, అమైల్ ఆల్కహాలు 1 మిల్లీలీటరు గాజుగొట్టమున పోసి త్రిప్పవలెను. మీట నొక్కిన వెంటనే అంకె చూపు నేటి యంత్రములను అప్పుడప్పుడు దీనితో సరిపోల్చని సంఘము, రాళ్లు తూచి చూడని తూనిక దుకాణము వంటిది.

ధర అను అంకెకు వత్తము. ఇది గ్రామమున పుట్టునది కాదు. మన ప్రాంతమున గేదెలు తరచు వానకాలపు చివర, చలికాలపు మొదట ఈనును. అప్పుడు పాలు పొంగును, వేసవియందు కరవగును. పొంగు దినములలో సమాఖ్య మిగులు పాలను వెన్నగాను పొడిగాను చేసి నిలువయుంచి, వేసవిలో తిరిగి పాలుగా కలిపి నగరములకు పంపును. నూరు కిలోల వెన్నతీసిన పాలనుండి సుమారు 9 కిలోల పొడి వచ్చును. కావున పొడిధర కిలోకు 50 రూపాయలు తగ్గెనా, వెన్నతీసిన పాల విలువ కిలోకు నాలుగున్నర రూపాయలు తగ్గిపోవును. ఆ నష్టము గిడ్డంగిలో ఆగదు. కొలది వారములలో మీ చీటీ మీదికి దిగును.

2018 లో జరిగినది ఇదియే. దేశమున పొడి నిలువలు పేరుకొని ధర కూలెను. ఆ జూలై మాసమున మహారాష్ట్ర రైతులు పాలు రోడ్లపై పారబోసిరి. ఆ నష్టము పరదేశపు పొడివలన వచ్చినది కాదు, మన పొడివలననే వచ్చినది. సుంకమను గోడ యొక్కటియే మనలను కాపాడునని నమ్మువారు దీనిని జ్ఞాపకముంచుకొనవలెను.

అయినను గోడ అక్కరలేదని మేము చెప్పము. 1995 లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడునాటికి మన దేశము పాలపొడిపై సుంకమే లేకుండుటకు కట్టుబడియుండెను. పిమ్మట మరల బేరమాడి, ఏటా 10,000 టన్నులవరకు 15 శాతమును, అంతకు మించిన దానిపై 60 శాతమును సుంకము విధించు హక్కును సంపాదించినది. 2019 నవంబరు 4 న బ్యాంకాకులో ప్రాంతీయ వాణిజ్య ఒప్పందమునుండి భారతదేశము వైదొలగుటకు పాడిరైతుల భయము ఒక ముఖ్యకారణము. ఆ కూటమిలో న్యూజీలండు కలదు. తన పాలలో నూటికి 95 పాళ్ల వరకు విదేశములకే అమ్ముకొను దేశమది. 2025 జూలై 24 న బ్రిటనుతో కుదిరిన ఒప్పందమునను పాడి వస్తువులను విడిచిరి. వందలకొలది ఆవులుగల మందలవారితో రెండు గేదెల యిల్లాలు ధరకు ధర పోటీపడుట న్యాయము కాదు. ఇది మా యభిప్రాయము.

పన్నుల మాట కొంచెము. పచ్చిపాలకు జి.ఎస్.టి. లేదు. 2025 సెప్టెంబరు 22 నుండి నెయ్యి, వెన్న, చీజులపై 12 శాతము 5 కు తగ్గినది; పొట్లములలో అమ్ము పనీరుపై పన్ను పోయినది. ఈ తగ్గుదలలో కొనువానికెంత, సమాఖ్యకెంత, పాలు పోసినవానికెంత చేరినదని సర్వసభ్య సమావేశమున అడుగదగును.

వేసవిలో తేనీటి దుకాణమువారు లీటరుకు నాలుగు రూపాయలు ఎక్కువ యిచ్చిన అటు పోవుట, చలికాలమున సంఘము తలుపు తట్టుట మన గ్రామములలో సాధారణము. ఎక్కువ ధర వచ్చు చోటికి పోవుట పాపమని మేము చెప్పము. బిడ్డ ఫీజునకు ముందుగా సొమ్మిచ్చినవాడు ఆ వ్యాపారియే యైనప్పుడు మరి యేమి చేయును? అయితే వేసవి పాలు లేని సమాఖ్య నగర విపణిని కోల్పోవును. నగర విపణి లేనిది చలికాలమున పొడి తప్ప గతిలేదు. పొడి గతి పైన చెప్పితిమి. సభ్యునికి వేసవిలో స్వల్పపు అడ్వాన్సు ఇయ్యగల సంఘమే ఈ ముడిని విప్పగలదు. ఉపన్యాసములు విప్పలేవు.

చీటీలో కనబడని అంకె యొకటి కలదు. 2018 లో ఆహార ప్రమాణముల సంస్థ దేశమంతట 6,432 పాల నమూనాలను పరీక్షింపించెను. జనులెల్లరు భయపడు కల్తీ 12 నమూనాలలో మాత్రమే ప్రమాదకరముగా కనబడినది. అఫ్లాటాక్సిను అను బూజువిషము 368 నమూనాలలో హద్దు మీరియుండెను. పశువుల మందుల శేషము 77 నమూనాలలో మీరియుండెను. ఈ విషమును పాలలో ఎవ్వరును కలుపరు. బూజుపట్టిన వేరుశనగ చెక్క, తడిసిన మొక్కజొన్న, పత్తిగింజల చెక్క తిన్న పశువు కాలేయమునుండి అది పాలలోనికి వచ్చును; కాచినను పోదు. అనుమతింపబడిన హద్దు కిలోపాలకు అర మైక్రోగ్రాము మాత్రమే. కావున చెక్క బస్తాలను నేలపై గాక బల్లపై, గోడకు జానెడు దూరమున నుంచవలెను. బూజు వాసన వేసినది చవుకగా వచ్చెనని కొనరాదు. మనుష్యులు తినరాని పప్పును “గొడ్డుకేమి లే” యని పెట్టు అలవాటు మనలో కలదు. ఆ గొడ్డు పాలు త్రాగునది మన బిడ్డలే.

పొదుగువాపునకు మందెక్కించిన దినములలోను, మందు పొట్లముపై వ్రాసిన గడువు తీరువరకును ఆ పాలు కేంద్రమునకు తేరాదు. నొప్పికి డైక్లోఫెనాకు సూది వేయింపకుడు. పశువులకు అది 2006 నుండి నిషిద్ధము; ఆ మందు పడి చచ్చిన పశువుల మాంసము తిని రాబందులు దాదాపు నశించినవి. ఊరి వెలుపల కళేబరములను నేడు కుక్కలు పీకుటకు కారణములలో నిదియొకటి. మెలాక్సికాము వాడవచ్చును, పశువైద్యుని అడుగుడు.

రాబోవు సమావేశమునకు ప్రతి సభ్యుడును గత మూడు మాసముల చీటీలను దారమున గ్రుచ్చి తీసికొనిరావలెనని కోరుచున్నాము. మేము గెర్బరు గొట్టములను, త్రిప్పుడు యంత్రమును తెత్తుము. ఎవరి పాలకైన సందేహమున్నయెడల అచ్చటనే, అందరి యెదుట చూపుదుము. తెచ్చు పాలు ఆ ఉదయము తుదివరకు పితికినవై యుండవలెను.