కమ్యూనిజం ఆచరణలో నెగ్గినదా? – తెలంగాణ గ్రామరాజ్యాల పాఠం

ఒక దేశపు పరిపాలనావ్యవస్థగా కమ్యూనిజం ఎక్కడైనా ఆచరణలో నెగ్గినదా? ఈ ప్రశ్నకు విద్యార్థిలోకంలో సాధారణంగా రెండు సమాధానాలు వినవస్తూ ఉంటాయి. రష్యాలోనే కూలిపోయినప్పుడు ఇక చర్చ దేనికి అని కొందరు అంటారు. అసలైన కమ్యూనిజాన్ని ఎవరూ ఆచరించనే లేదని మరికొందరు అంటారు. మొదటి సమాధానం విచారణకు తావీయదు. రెండవది సిద్ధాంతాన్ని ఏ పరీక్షకూ అందకుండా తప్పిస్తుంది. మన పొరుగున జరిగిన ఒక చరిత్రను ఆధారం చేసుకొని ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ముందుగా పదాల అర్థాన్ని నిర్ణయించుకోవాలి. కార్ల్ మార్క్స్ 1875లో వ్రాసిన గోథా కార్యక్రమ విమర్శలో భావిసమాజానికి రెండు దశలను సూచించినాడు. మొదటి దశలో పంపకం మనిషి చేసిన శ్రమను బట్టి. పై దశలో అతని అవసరాన్ని బట్టి. మొదటిదానికి సోషలిజమనీ, పైదానికి కమ్యూనిజమనీ పేర్లు తరువాతి కాలంలో స్థిరపడినవి. కమ్యూనిస్టు పార్టీలు పాలించిన దేశాలు తమ వ్యవస్థను సోషలిజమనే చెప్పుకొన్నవి. 1980 నాటికి కమ్యూనిస్టు సమాజాన్ని చాలవరకు నిర్మిస్తామని 1961లో సోవియట్ పార్టీ వాగ్దానం చేసినది. ఆ గడువు దాటిపోయినది; 1991 డిసెంబరులో సోవియట్ యూనియనే అంతరించినది. కనుక నిర్వచనం ప్రకారం సమాధానం లేదనియే చెప్పవలసి ఉన్నది. కాని అక్కడితో ఆగిపోతే, ఆ పేరుమీద జనం పొందినదేమి, పోగొట్టుకొన్నదేమి అనే ముఖ్యవిషయం మిగిలిపోతుంది.

తిరువూరు దాటి కొద్దిదూరం పోతే తెలంగాణ సరిహద్దు వస్తుంది. నేడది రెండు రాష్ట్రాల నడిమి హద్దు. 1948 నాటికి అది మద్రాసు రాష్ట్రానికీ నైజాం సంస్థానానికీ నడుమ ఉండిన హద్దు. అవతలి నల్లగొండ, వరంగల్లు జిల్లాలలో దేశముఖులు, జాగీర్దారుల పెత్తనం సాగుతూ ఉండేది. కూలి లేకుండా చేయించుకొనే వెట్టిచాకిరి, పన్ను పేరిట వసూళ్లు, కౌలుదార్లను భూమినుండి వెళ్లగొట్టడం సర్వసామాన్యం. జనగామ ప్రాంతంలోని కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే పేదరైతు తన భూమికోసం కోర్టులో పోరాడి హత్యకు గురి అయినాడు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య విసునూరు దేశముఖు మనుషుల తుపాకికి బలి అయినాడు. ఇటుపై ఆంధ్రమహాసభ, కమ్యూనిస్టు పార్టీల నాయకత్వాన ఉద్యమం ఊరూరా వ్యాపించినది. 1947 సెప్టెంబరు 11న సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ముగ్గురు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, ఉర్దూ మహాకవి మఖ్దూం మొహియుద్దీన్. నిజాం రాజ్యంలోని ముస్లిములందరూ ప్రభువు పక్షమే అనుకొనే వారికి బందగీ, మఖ్దూంల పేర్లే సమాధానం.

ఆనాటి గ్రామరాజ్యాల విస్తృతిని పుచ్చలపల్లి సుందరయ్యగారు 1972లో వెలువరించిన తమ గ్రంథంలో వివరించినారు. ఆయన లెక్క ప్రకారం దాదాపు 3,000 గ్రామాలలో, 30 లక్షల జనాభా గల ప్రాంతంలో గ్రామ కమిటీల పాలన నడిచినది. సుమారు 10 లక్షల ఎకరాల భూమి పంపిణీ అయినది. ఇవి ఉద్యమనాయకుడు ఇచ్చిన అంకెలని పాఠకులు గుర్తుంచుకోవాలి. వెట్టి ఆగిపోయినది. కౌలుదార్ల తొలగింపు నిలిచినది. వ్యవసాయ కూలీల రేట్లు పెరిగినవి. తగవులు ఊరిలోనే తీరినవి.

ఈ చరిత్రలో మాకు అన్నిటికన్న ముఖ్యమని తోచిన అంశం భూపరిమితిని గురించినది. మొదట ఒక భూస్వామికి 500 ఎకరాల వరకు విడిచిపెట్టవచ్చునని నిర్ణయించినారు. ఆ లెక్కన పంచడానికి మిగిలే భూమి చాలదని రైతాంగానికి తెలిసినది. పరిమితి 200 ఎకరాలకు దిగినది. పిమ్మట మెట్ట 100, మాగాణి 10 ఎకరాలకు దిగినది. అంటే పై నుండి వచ్చిన నిర్ణయాన్ని క్రింది అనుభవం దిద్దినది. గ్రామరాజ్యాలకు బలం ఇక్కడ ఉన్నదని మా అభిప్రాయం.

బలహీనత కూడ దాచరానిది. అవి యుద్ధకాలపు పాలనలు. దళాలు భూస్వాములను, వేగులవారని అనుమానించిన వారిని చంపిన సందర్భాలు ఉన్నవి. అటువంటి తీర్పుపై అప్పీలు లేదు. 1948 సెప్టెంబరులో భారతసైన్యం ప్రవేశించి నిజాం పాలన ముగిసిన పిమ్మట పోరాటాన్ని ఆపవలెనా, సాగించవలెనా అనే ప్రశ్న వచ్చినది. ఆపవలెనన్న రావి నారాయణరెడ్డిగారి మాట చెల్లలేదు. నిజాముపై తిరగబడిన రైతు స్వతంత్ర భారత సైన్యాన్ని ఎదుర్కొనవలసి వచ్చినది. 1951 అక్టోబరులో విరమించేనాటికి దాదాపు 4,000 మంది కమ్యూనిస్టులు, రైతువీరులు ప్రాణాలు కోల్పోయినారని సుందరయ్యగారే వ్రాసినారు. తిరిగివచ్చిన భూస్వాములు అనేకచోట్ల పంచిన భూములను మరల లాగుకొన్నారు. భూపరిమితిని దిద్దగలిగిన గ్రామానికి, తన చావుబ్రతుకుల నిర్ణయాన్ని దిద్దే అవకాశం లేకపోయినది.

ఇదే విషయం చైనాలో మహాపరిమాణంలో జరిగినది. 1949 విప్లవం తరువాత అక్కడ భూమి రైతులకు పంచినారు. 1958లో ఆ భూములను కమ్యూనులలో కలిపివేసినారు. అధికారులు పంటను లేనిదానికన్న హెచ్చుగా చూపినారు. ఆ లెక్కమీద ధాన్యం తరలిపోయినది. 1959లో లుషాన్ సమావేశాల వేళ పెంగ్ దెహువాయ్ ఈ పొరపాటును ఎత్తిచూపినందుకు రక్షణమంత్రి పదవిని పోగొట్టుకొన్నాడు. 1961 వరకు సాగిన కరువులో మరణాలు కోట్ల సంఖ్యలో ఉన్నవని పరిశోధకుల అంచనా. స్వేచ్ఛగల పత్రికలు, ప్రతిపక్షం ఉన్నచోట అంతటి కరువు సాగనేరదని అమర్త్యసేన్ వాదించినారు. సాధారణకాలంలో ప్రజలకు వైద్యం అందించడంలో చైనా భారతదేశాన్ని మించినదని చూపినవారు కూడ ఆయనే. 1978 తరువాత చైనా కమ్యూనులను రద్దుచేసి సాగును తిరిగి కుటుంబాలకు అప్పగించినది. వియత్నాం 1986లో అటువంటి మార్పులనే మొదలుపెట్టినది. పార్టీ పేరు నిలిచినది గాని తొలినాటి ఆర్థికవిధానం నిలువలేదు.

మన దేశంలో ఇంకొక మార్గం కనిపిస్తుంది. 1952 ఎన్నికలలో రావి నారాయణరెడ్డిగారిని నల్లగొండ ప్రజలు గొప్ప ఆధిక్యంతో లోక్‌సభకు పంపినారు. 1955 ఆంధ్ర ఎన్నికలలో కమ్యూనిస్టులకు దాదాపు 31 శాతం ఓట్లు వచ్చినా, 196 స్థానాలలో 15 మాత్రమే దక్కినవి. వారు ఆ తీర్పుకు లోబడినారు. కేరళలో 1957లో ఓటు ద్వారా అధికారం వచ్చినది; 1959లో ఆ ప్రభుత్వాన్ని కేంద్రం తొలగించినది. పశ్చిమబెంగాలులో 34 సంవత్సరాలు పాలించి, కౌలుదార్లకు హక్కులు నమోదుచేసిన కూటమిని 2011లో ప్రజలే ఓటుతో దింపినారు. అవి రాష్ట్ర ప్రభుత్వాలే గాని దేశవ్యవస్థలు కావు. అయినను అక్కడ ప్రజలకు మెచ్చుకొనే హక్కుతోపాటు కాదనే హక్కు కూడ ఉన్నది.

కనుక మా నిర్ణయం ఇది. దేశవ్యవస్థగా కమ్యూనిజం తాను చెప్పిన గమ్యాన్ని ఎక్కడా చేరలేదు. కాని దున్నేవానికి భూమి కావలెనన్న న్యాయం ఓడిపోలేదు. 1949లో జాగీర్ల రద్దు, 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం, 1951లో పోచంపల్లిలో మొదలైన భూదానం ఆ పోరాటపు వేడిలో వచ్చినవే. ఆకలిగొన్నవానికి అన్నం పెట్టగలగడం ఒక వ్యవస్థకు మొదటి పరీక్ష. ఆ అన్నం చాలలేదని నిర్భయంగా చెప్పగలిగే చోటు అతనికి ఉండడం రెండవ పరీక్ష. రెండవదానిలో తప్పిన వ్యవస్థ మొదటిదానిలో కూడ ఎంతోకాలం నిలువలేదని ఇరవయ్యవ శతాబ్దపు చరిత్ర చెబుతున్నది. ఈ రెండు పరీక్షలను కమ్యూనిజానికే కాక, నేడు మనం జీవిస్తున్న వ్యవస్థకు కూడ పెట్టి చూడవలసిన బాధ్యత మన విద్యార్థులపై ఉన్నది. సుందరయ్యగారినీ చదవండి, వారితో విభేదించిన రావి నారాయణరెడ్డిగారినీ చదవండి. ఆ పిమ్మట మీ నిర్ణయం మీరే చేసుకోండి.