కాలువల నగరమున దసరా

కృష్ణానది నల్లమల కొండలను దాటి సముద్రమువైపు సాగుచు, ఇంద్రకీలాద్రికిని సీతానగరపు కొండకును నడుమ నున్న యిరుకు త్రోవను పోవును. ఆ చోట ఉత్తరపు గట్టున వెలసినది విజయవాడ. బెజవాడ యని దీనికి పాత పేరు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ యను మూడు కాలువలు ఊరి నడుమనుండి పాఱుచున్నవి గనుక దీనిని కాలువల నగరమనుట తగును. ఆశ్వయుజ మాసమున దేవీనవరాత్రులు జరుగునపుడు ఈ నగరము క్రొత్త పెండ్లికూతురువలె కళకళలాడుచుండును.

2018వ సంవత్సరపు దసరా సెలవులలో అనంతపురము సీమకు చెందిన కొందఱు బాలబాలికలను వెంటబెట్టుకొని నేనీ నగరమును చూడబోయితిని. మా సీమలో ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. వాన కురిసిననాడు పాఱిన వంకలో మఱునాటికి ఇసుక తేలును. వాడిన వేరుసెనగ చేలను చూచుచు, మబ్బునకై యెదురుచూచు పెద్దల మాటలు వినుచు పెరిగిన పిల్లలు వారు.

తెల్లవారుజామున రైలు గుంటూరు దాటెను. కొంతసేపటికి కృష్ణా కెనాల్ అను స్టేషను వచ్చెను. "అయ్యవారూ! స్టేషనుకు కాలువ పేరు పెట్టినారేమి?" అని యొక బాలిక అడిగెను. "మన సీమలో బుక్కరాయసముద్రము లేదా తల్లీ? చెఱువు పేరే యూరి పేరైనది. నీరున్నచోట నీటి పేరే నిలుచును" అంటిని. అంతలో రైలు కృష్ణమీది వంతెన నెక్కెను. పిల్లలందఱు కిటికీలకడ గుమిగూడిరి. ప్రయాణికులు కొందఱు నాణెములు నదిలో విడిచి నమస్కరించిరి. వంతెన దాటువఱకు మా పిల్లలలో ఒక్కరును నోరు మెదపలేదు.

నాడు మూలానక్షత్రము. కనకదుర్గమ్మను సరస్వతీదేవిగా అలంకరించు దినము. విద్యార్థులకది ముఖ్యమైన పర్వమగుటచే జనము ఇసుకవేసిన రాలకుండెను. కాలువ గట్టున నున్న వినాయకుని గుడికడనుండియే బారులు తీరిరి. కొన్ని గంటలు నిలిచి, కొండనెక్కి, అమ్మవారిని దర్శించి దిగితిమి. వీథులలో పసుపుకుంకుమల దుకాణములు, గాజుల బండ్లు, బొమ్మల కొలువునకై అమ్మెడు కొండపల్లి బొమ్మలు కన్నులపండువుగా నుండెను. తెల్లపొణికి కఱ్ఱతో చేసిన ఆ బొమ్మలు ఎంత తేలికగా నుండునో చేతబట్టిన గాని తెలియదు. ఒక మలుపున డప్పుల మ్రోతకు పులివేషగాండ్రు చిందులు త్రొక్కుచుండిరి.

మధ్యాహ్నము ప్రకాశము బ్యారేజికి పోయితిమి. ఇక్కడ పిల్లలకు ఒక పాత కథ చెప్పవలసి వచ్చెను. 1832–33లో గుంటూరు సీమలో ఘోరమైన కరవు వచ్చెను. లక్షకు పైగా జనము మరణించిరి. కృష్ణ ప్రక్కనే పాఱుచుండినను, ఆ నీటిని పొలములకు మరల్చు సాధనము లేకుండెను. పిమ్మట సర్ ఆర్థర్ కాటన్ ప్రోత్సాహమునను, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణమునను 1852లో ఆనకట్ట పని మొదలై 1855లో ముగిసెను. ఆ ఆనకట్టకు 1952లో గండి పడగా, క్రొత్త బ్యారేజి కట్టిరి. అది 1957లో పూర్తి యయ్యెను. ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరు దానికి పెట్టిరి. 70 తలుపులు గల ఈ బ్యారేజివలన 12 లక్షల యెకరములకు పైగా భూమి సాగగుచున్నది.

ఒక బాలుడు, "అయ్యవారూ! ఇటలీ దేశములోని వెనిస్ కూడ ఇట్టిదియేనా? అక్కడ పండుగనాడు ముసుగులు ధరించి పడవలపై తిరుగుదురని చిత్రములో చూచితిని" అనెను. "పండుగ వేడుకలో పోలిక కలదు నాయనా. కాని వెనిస్ కాలువలలోనిది ఉప్పునీరు. దానితో ఒక్క గింజయు పండదు. ఈ కాలువలు వేడుకకై త్రవ్వినవి కావు. ఒకనాడు వీనిలోను సరకుల పడవలు నడచినవి. కాని వీని ముఖ్యమైన పని పంటకు నీరిచ్చుటయే" అని చెప్పితిని.

సాయంకాలము ఏలూరు కాలువ గట్టున నడచితిమి. దీపముల వరుసలు నీటిలో మిలమిలలాడుచుండెను. ఆ వెలుగులోనే వాడిన పూలదండలు, ఎంగిలాకులు, ప్లాస్టిక్ సంచులు తేలిపోవుచుండెను. దిగువ గ్రామములవారు ఈ నీటినే చెఱువులలో నింపుకొని త్రాగుదురని చెప్పగా పిల్లలు నివ్వెఱపోయిరి. అంతవఱకు మౌనముగా నున్న యొక పిల్లవాడు, "ఇంత నీరు వీరికి ఉండగా మనకేల లేదు?" అని అడిగెను.

న్యాయమైన ప్రశ్న. నీరు పల్లమెఱుగును. అనంతపురము సముద్రమట్టమునకు మూడువందల మీటర్లకు పైని పీఠభూమి. అక్కడికి కృష్ణ తనంతట రాదు. శ్రీశైల జలాశయపు నీటిని యంత్రములతో మెట్టు మెట్టుగా ఎత్తి, హంద్రీ–నీవా కాలువ ద్వారా మన జీడిపల్లి జలాశయమునకు తెచ్చుచున్నారు. 2015లో పట్టిసీమ యెత్తిపోతల పథకము నెలకొల్పి, గోదావరి నీటిని ఇబ్రహీంపట్నముకడ కృష్ణలో కలిపిరి. డెల్టా పొలములకు గోదావరి నీరు అందినచో, శ్రీశైలమున ఆ మేరకు కృష్ణనీరు రాయలసీమకు మిగులును. అనగా బెజవాడ కాలువలో వ్యర్థమైన నీరు మన పొలమునకు రావలసిన నీరే కావచ్చును. మన యూరి చెఱువు పూడిక తీయక జాఱవిడిచిన వాననీటికి బదులుగా ఎవరో దూరమునుండి నీరు పంపవలసి వచ్చును.

బాలలారా! నీరు గలవారు దానిని కాపాడవలెను. లేనివారు వచ్చిన చుక్కను నిలుపుకొనవలెను. ఈ రెండు ధర్మములును ఒక్కటియే. నదికి ఎగువవారును దిగువవారును ఒక తల్లి బిడ్డలు. తల్లి పెట్టిన అన్నమును పంచుకొని తిను ఇంటనే ప్రతిదినమును పండుగ.

ప్రశ్నలు

1. కృష్ణ ప్రక్కనే యున్నను గుంటూరు సీమలో కరవు ఏల వచ్చెను?
2. వెనిస్ కాలువలకును విజయవాడ కాలువలకును గల భేదమేమి?
3. పట్టిసీమ నీటివలన రాయలసీమకు మేలెట్లు కలుగును?
4. మీ యూరి చెఱువు లేక కాలువ స్థితిని గూర్చి పది వాక్యములు వ్రాయుడు.