ఒళ్ళు చేయుట వేరు, బలము వేరు

బొబ్బిలి సంతలో చాలకాలమునకు కలిసికొన్న చుట్టములు మొదట ఒకరి దేహము నొకరు పరికింతురు. "కాస్త ఒళ్ళు చేసినావు" అనుట మెప్పు. "చిక్కిపోయినావు" అనుట విచారము. ఇది వింత కాదు. గంజాం జిల్లాను పీడించిన 1866 నాటి కరవు వంటి కరవులు చూచిన ప్రాంత మిది. నిండు దేహము నిండిన గాదెకు గుర్తుగా నుండెను. పాత తెలుగున "లావు" అనగా బలమనియే అర్థము. అయినను ఆ ఒళ్ళు కొంత మించినచో మెచ్చిన నోళ్ళే పరిహసించును.

కోరి దేహమును పెంచు ఆచారములు ఇతర దేశములందును గలవు. ఆఫ్రికాలోని మారిటేనియాలో బాలికలచే పాలు, జొన్నసంకటి వంటివి బలవంతముగా మింగించి లావు చేయు ఆచారము ఉండెను. పల్లెలలో నేటికిని పూర్తిగా అంతరించలేదు. లావైన భార్య ఐశ్వర్యమునకు చిహ్నమని అచ్చటి నమ్మకము. జపానులో సుమో మల్లులు మెండుగా భుజించి నిద్రింతురు; కాని ప్రతిదినము కఠినసాధన చేయుదురు. బరిని విడిచిన పిమ్మట పలువురు బరువు తగ్గించుకొన యత్నింతురు.

మనకు దృష్టాంతము దూరమున లేదు. వీరఘట్టమున జన్మించిన మల్లుడు కోడి రామమూర్తి నాయుడు శాకాహారి. గుండెలపై ఏనుగు నెక్కించుకొన్న ఆయన బలము వ్యాయామమువలన వచ్చినది, కొవ్వువలన కాదు.

సన్నని పిల్లకు సంబంధము కుదరదను భయమున కొందరు "ఒళ్ళు చేయు బిళ్ళలు" కొని యిచ్చుచున్నారు. వానిలో స్టెరాయిడ్ ఉన్నచో ఆకలి పెరుగును, ముఖము ఉబ్బును. తలిదండ్రులు పుష్టి యని మురియుదురు. లోలోపల రక్తమున చక్కెర పెరుగును, ఎముకలు గుల్లబారును, రోగముల నెదిరించు శక్తి తగ్గును. చాలనాళ్ళు వాడి హఠాత్తుగా మానుటయు ప్రాణాపాయమే. కావున వైద్యుని సలహాపై క్రమముగా మానవలెను.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశమున 15–49 ఏండ్ల స్త్రీలలో నూటికి 19 మంది ఉండవలసినదానికంటె సన్నగాను, 24 మంది అధిక బరువుతోను ఉండిరి. రెండును లోపములే. తగిన బరువు తెలియుటకు కిలోలలోని బరువును, మీటర్లలోని ఎత్తును అదే ఎత్తుచే హెచ్చించిన సంఖ్యచే భాగింపవలెను. ఫలితము 18.5కు తగ్గరాదు, మనవారికి 23కు మించరాదు. 150 సెంటీమీటర్ల స్త్రీకి సుమారు 42 నుండి 52 కిలోల లోపు చాలును.

ఉన్నట్లుండి చిక్కినవారిని తినుమని నిర్బంధించుటకు ముందు క్షయ, మధుమేహములకై పరీక్ష చేయింపవలెను. సహజముగా సన్ననివారికి చోడి అంబలి, పప్పు, గుడ్లు, వేరుసెనగలు, పొలముపని చాలును.

లావైనవారిని ఎగతాళి చేయరాదు. ఎగతాళికి జంకి వారు ఆసుపత్రికే దూరమగుదురు. చుట్టము కనిపించినప్పుడు ఒంటిని కొలుచుట మాని "ఆరోగ్యమెట్లున్నది?" అని అడుగుట మనమందరము నేర్వదగిన పాఠము.