ఆత్మపరిచయం

ఉద్దేశం

తన జీవితకథను, అభిరుచులను, వినోదాలను ఆధారంగా చేసుకొని, తనను తాను సత్యంగా, సభ్యంగా పరిచయం చేసుకొనే నేర్పును విద్యార్థికి కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

ప్రవేశిక

“మీ గురించి చెప్పండి.” ఈ మూడు మాటలు వినగానే చాలామంది విద్యార్థులకు నోట మాట రాదు. గణిత సూత్రాలను తడుముకోకుండా అప్పజెప్పేవారు, పద్యాలను కంఠతా చదివేవారు కూడా తమ గురించి నాలుగు వాక్యాలు చెప్పవలసి వచ్చేసరికి తడబడతారు. కళాశాలలో చేరిన తొలిరోజున తోటివారి ముందు, ఉపకారవేతనం కోసం పెద్దల ముందు, రేపు ఉద్యోగం కోసం అధికారుల ముందు మనకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే.

ఈ తడబాటుకు కారణం భాష రాకపోవడం కాదు. “చెప్పుకోదగినది నా బతుకులో ఏముంది?” అనే సంకోచమే అసలు కారణం. సాంచా నడిపే తండ్రిని గురించో, బీడీలు చుట్టే తల్లిని గురించో, బొగ్గుగనిలోకి దిగే అన్నను గురించో చెబితే ఎదుటివారి ముందు చిన్నబోతామేమో అని భయం. అందువల్ల ఎక్కడో విన్న మాటలను అరువు తెచ్చుకొని, “నా హాబీలు పుస్తకపఠనం, సంగీతం వినడం” అంటాం. ఇటీవల ఏ పుస్తకం చదివావని అడిగితే మౌనమే సమాధానమవుతుంది. అరువు తెచ్చుకొన్న పరిచయం ఒక్క ప్రశ్నకే చెదిరిపోతుంది. స్వంత జీవితం నుంచి వచ్చిన పరిచయం ఎన్ని ప్రశ్నలకైనా నిలుస్తుంది.

మన సాహిత్యంలో ఆత్మపరిచయం

ఆత్మపరిచయం మనకు కొత్తది కాదు. ప్రాచీన కవులు కావ్యారంభంలో ‘అవతారిక’ అనే భాగాన్ని రచించేవారు. ఇష్టదేవతాస్తుతి, పూర్వకవిస్తుతితో పాటు తమ వంశాన్ని, తల్లిదండ్రులను, కావ్యరచనకు కలిగిన ప్రేరణను అందులో తెలిపేవారు. పోతన భాగవతంలో తన తండ్రి కేసన అనీ, తల్లి లక్కమాంబ అనీ, అన్న తిప్పన అనీ చెప్పుకొన్నాడు. తాను ఎవరి బిడ్డనో చెప్పడానికి మహాకవి సంకోచించలేదు. ఆధునిక కాలంలో ఈ పరిచయమే విస్తరించి ‘స్వీయచరిత్ర’ అనే ప్రక్రియగా రూపొందింది. కందుకూరి వీరేశలింగం తన జీవితాన్ని తానే గ్రంథస్థం చేసి ఈ మార్గంలో తెలుగువారికి దారి చూపాడు.

అయితే ఆత్మపరిచయం వేరు, ఆత్మస్తుతి వేరు. నేను ఎంత గొప్పవాడినో చెప్పడం ఆత్మస్తుతి. నేను ఎక్కడి నుంచి వచ్చాను, దేనిని ప్రేమిస్తున్నాను, ఎటు వెళ్ళదలచుకొన్నాను అని చెప్పడం ఆత్మపరిచయం. ఈ భేదాన్ని గ్రహించడానికి ఉత్తర తెలంగాణకు చెందిన కొందరు ప్రముఖుల జీవితాలను పరిశీలిద్దాం.

ఊరు, చదువు : సి. నారాయణరెడ్డి

సింగిరెడ్డి నారాయణరెడ్డి 1931 జూలై 29న నాటి కరీంనగర్ జిల్లా హనుమాజీపేటలో ఒక రైతు కుటుంబంలో జన్మించారు. 2016లో జరిగిన జిల్లాల పునర్విభజన తరువాత ఆ గ్రామం రాజన్న సిరిసిల్ల జిల్లాలోకి వచ్చింది. తల్లి బుచ్చమ్మ, తండ్రి మల్లారెడ్డి. నిజాం పాలనలో బడిలో బోధనాభాష ఉర్దూ. అందువల్ల ఆయన చదువు ఉర్దూ మాధ్యమంలోనే సాగింది. సిరిసిల్లలోనూ, కరీంనగర్‌లోనూ పాఠశాల విద్య పూర్తిచేశారు. తెలుగు మాత్రం ఆయనకు బడి కన్నా ముందు ఊరే నేర్పింది. హరికథలు, జంగం కథలు, జానపదుల పాటలు ఆ బాలుణ్ణి ఆకర్షించాయి.

బడి ఇచ్చిన ఉర్దూను, ఊరు ఇచ్చిన పాటను ఆయన దేనినీ వదులుకోలేదు. తరువాతి కాలంలో తెలుగులో గజళ్ళు రాసి, స్వయంగా గానం చేశారు. ఆధునికాంధ్ర కవిత్వంపై పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. 1962లో వచ్చిన ‘గులేబకావళి కథ’తో చలనచిత్ర గీతరచయితగా ప్రసిద్ధులయ్యారు. ‘విశ్వంభర’ కావ్యానికి గాను 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం పొందారు. 2017 జూన్ 12న కన్నుమూశారు.

ఆయన జీవితం నుంచి మనం గ్రహించవలసినది ఏమిటి? పల్లెటూరి బాల్యం, మాతృభాష కాని మాధ్యమంలో చదువు, ఈ రెండూ లోపాలుగా కనిపించవచ్చు. ఆయనకు అవే మూలధనమయ్యాయి. కనుక మన పరిచయంలో ఊరి పేరును గొంతు తగ్గించి చెప్పవలసిన అవసరం లేదు. ఆ ఊరు మనకేమి ఇచ్చిందో కూడా ఒక వాక్యంలో చెప్పగలగాలి.

అభిరుచి : సామల సదాశివ

జీవనోపాధి కోసం చేసే పని వృత్తి. మనసుకు నచ్చి, ప్రతిఫలం ఆశించకుండా చేసే పని ప్రవృత్తి. దీనినే అభిరుచి అంటాం. అభిరుచి మనిషిని ఎంత దూరం తీసుకుపోగలదో తెలుసుకోవాలంటే సామల సదాశివ జీవితాన్ని చూడాలి.

సదాశివ 1928 మే 11న నాటి ఆదిలాబాద్ జిల్లాలోని తెనుగుపల్లెలో జన్మించారు. వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. తెలుగుతో పాటు ఉర్దూ, ఫార్సీ, హిందీ, మరాఠీ భాషలను అభ్యసించారు. ఉర్దూ సాహిత్య చరిత్రను తెలుగువారికి అందించారు. అంజద్ హైదరాబాదీ రుబాయీలను తెనిగించారు. హిందుస్తానీ సంగీతం ఆయనకు ప్రాణం. కచేరీలు చేసే గాయకుడుగా కాక, వినడం తెలిసిన రసికుడుగా ఆయన కీర్తి పొందారు. తాను విన్నదానిని, విద్వాంసుల జీవిత విశేషాలను, ఎదురుగా కూర్చుండి ముచ్చటించినట్లుగా రాశారు. ‘మలయమారుతాలు’, ‘సంగీత శిఖరాలు’, ‘స్వరలయలు’ ఆ విధంగా వెలువడినవే. ‘స్వరలయలు’ గ్రంథానికి 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. 2012 ఆగస్టు 7న ఆయన ఆదిలాబాద్‌లో పరమపదించారు.

‘సంగీతం వినడం నా హాబీ’ అని మనమూ అంటాం. సదాశివ కూడా సంగీతం విన్నవారే. భేదం ఎక్కడ ఉన్నది? విన్నదానిని ఆయన గుర్తుంచుకొన్నారు, పోల్చి చూశారు, ఇతరులతో పంచుకొన్నారు. శ్రద్ధ తోడైనప్పుడే ఇష్టం అభిరుచి అవుతుంది.

తన జ్ఞాపకాలను ఆయన ‘యాది’ అనే పేరుతో వెలువరించారు. ‘యాది’ అంటే జ్ఞాపకం. ఫార్సీ ‘యాద్’ నుంచి వచ్చి, తెలంగాణ పల్లెల్లో ఇంటింటి మాటగా స్థిరపడిన పదం ఇది. ‘స్మృతులు’ అని సంస్కృత పదం పెట్టుకొనగల పండితుడు తన ఇంటి మాటనే పుస్తకానికి పేరుగా పెట్టుకొన్నారు. పుస్తకం తెరవకముందే ఆ ఒక్క మాట ఆయనను మనకు పరిచయం చేస్తుంది.

వినోదం : ఒగ్గుకథ నుంచి గుస్సాడి వరకు

అభిరుచి మనం చేసేది. వినోదం మనం చూసి, విని ఆనందించేది. కొందరికి చలనచిత్రం, కొందరికి క్రికెట్, మరికొందరికి కబడ్డీ వినోదం. ఏదైనా తప్పు లేదు. ఎందుకు ఇష్టమో చెప్పగలగడమే ప్రధానం. అయితే మన ప్రాంతానికి చెందిన వినోదాలను మనమే తక్కువగా చూడడం మాత్రం సరికాదు.

‘ఒగ్గు’ అంటే శివుని చేతిలోని ఢమరుకం. ఒగ్గును వాయిస్తూ మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలను చెప్పడం ఒగ్గుకథ. కథకుడు ఒక్కడే క్షణంలో రాజు అవుతాడు, మరుక్షణంలో తల్లి అవుతాడు. ఊరంతా రాత్రి తెల్లవార్లూ కూర్చుండి వింటుంది. సుప్రసిద్ధ ఒగ్గుకథా కళాకారుడు మిద్దె రాములు కూడా హనుమాజీపేట వారే. జ్ఞానపీఠం ఎక్కిన కవిని, ఒగ్గు పట్టిన కథకుణ్ణి ఒకే గ్రామం మనకిచ్చింది.

ఆదిలాబాద్ అడవుల్లో రాజగోండులు దీపావళి రోజుల్లో దండారి పండుగ జరుపుకొంటారు. అందులో నెమలి ఈకల కిరీటాలు ధరించి చేసే నృత్యం గుస్సాడి. మర్లవాయి గ్రామానికి చెందిన కనకరాజు ఈ నృత్యాన్ని జీవితాంతం ఆచరించి, యువకులకు నేర్పారు. 2021లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది. 2024 అక్టోబరులో ఆయన మరణించారు. ఒక పండుగ ఆట ఆయనకు దేశవ్యాప్తమైన పరిచయమైంది.

పరిచయం ఎలా రూపొందించుకోవాలి?

సిరిసిల్లకు చెందిన ఒక విద్యార్థిని తనను పరిచయం చేసుకొంటున్నదని ఊహిద్దాం. మొదట ఆమె ఇలా రాసింది :

“మా నాన్నగారు వ్యాపారం చేస్తారు. అమ్మగారు గృహిణి. నా హాబీలు పుస్తకాలు చదవడం, పాటలు వినడం. బాగా చదువుకొని దేశానికి సేవ చేయడం నా ఆశయం.”

ఇందులో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. కాని ఆమె కూడా లేదు. ఈ వాక్యాలను ఎవరు చదివినా సరిపోతాయి. అధ్యాపకుని సూచనపై ఆమె తిరిగి రాసింది :

“మాది సిరిసిల్ల. మా నాన్న సాంచా నడుపుతారు. ఆ చప్పుడులోనే నేను నిద్రపోవడమూ, చదువుకోవడమూ నేర్చుకొన్నాను. సాంచా ఆగితేనే నాకు మెలకువ వస్తుంది. అది ఆగిన రోజు ఇంట్లో ఖర్చు లెక్క చూసుకోవాలి. మా అమ్మ బీడీలు చుట్టుతుంది. ఇరవై అయిదింటికి ఒక కట్ట, నలభై కట్టలకు వెయ్యి. ఆ లెక్క నా పని. గుణకారం నాకు బడి కన్నా ముందు వచ్చింది. బహుశా అందుకేనేమో గణితం నాకు ఇష్టం. మా నానమ్మ బతుకమ్మ పాటలు పాడుతుంది. ఆమెకు చదువు రాదు. ఆమె పాడుతుంటే నేను నోటుపుస్తకంలో రాసుకొంటాను. ఇంతవరకు ముప్పై ఒక్క పాటలు రాశాను. రెండు పాటల్లో కొన్ని చరణాలు ఆమె మరచిపోయింది. అవి తెలిసినవారి కోసం వెదకుతున్నాను. సినిమాలు కూడా చూస్తాను. నవ్వించే సినిమాలే ఇష్టం, ఎందుకంటే వాటిని మా ఇంట్లో అందరం కలసి చూస్తాం. నేను వాణిజ్యశాస్త్రం చదివి, మా వాడలోని నేతపనివారికి లెక్కలు చూసిపెట్టాలని అనుకొంటున్నాను.”

రెండవ పరిచయంలో గొప్పలు లేవు, దైన్యమూ లేదు. జాలి కోరే మాట ఒక్కటీ లేదు. అయినా ఆమె శ్రద్ధ, బాధ్యత, లక్ష్యం మనకు తెలుస్తున్నాయి. ‘నేను శ్రద్ధ గల విద్యార్థినిని’ అని ఆమె ఎక్కడా అనలేదు. ముప్పై ఒక్క పాటలే ఆ సంగతి చెప్పాయి.

విద్యార్థులారా! మీ పరిచయం సిద్ధం చేసుకొనేటప్పుడు ఈ క్రింది విషయాలను గుర్తుంచుకోండి.

1. పేరు, ఊరు, కుటుంబంతో ప్రారంభించండి. ఊరిని గురించి మీకు మాత్రమే తెలిసిన ఒక్క విశేషమైనా చెప్పండి.
2. తల్లిదండ్రుల వృత్తిని దాచకండి, అలంకరించకండి. ఉన్న పేరుతోనే చెప్పండి.
3. జీవితకథనంతా చెప్పవద్దు. మిమ్మల్ని తీర్చిదిద్దిన ఒకటి రెండు సంఘటనలు చాలు.
4. నిజంగా చేస్తున్న పనినే అభిరుచిగా పేర్కొనండి. ఎప్పటి నుంచి, ఎలా చేస్తున్నారో చెప్పండి.
5. ఇష్టమైన వినోదాన్ని, దానికి కారణాన్ని కలిపి చెప్పండి.
6. చివర మీ లక్ష్యాన్ని చెప్పండి. అది మీ కథ నుంచే పుట్టినదై ఉండాలి.
7. రెండు నిమిషాలకు మించకుండా, కృత్రిమత్వం లేని భాషలో మాట్లాడండి.

ముగింపు

తనను గురించి తాను సత్యం చెప్పగలవాడు ఎదుటివారి సత్యాన్ని కూడా గౌరవంగా వినగలుగుతాడు. మీ పక్కన కూర్చున్న మిత్రుడు కూడా బహుశా ఒక యాదిని దాచుకొని ఉంటాడు. ముందు మీరు చెప్పండి. తరువాత అతనిని చెప్పనివ్వండి.

కఠిన పదాలకు అర్థాలు

అవతారిక = కావ్యానికి పీఠిక
ఆత్మస్తుతి = తనను తాను పొగడుకోవడం
ప్రవృత్తి = ఇష్టంతో చేసే పని, వ్యాసంగం
రసికుడు = కళలోని రసాన్ని ఆస్వాదించేవాడు
రుబాయీ = నాలుగు పాదాల ఫార్సీ, ఉర్దూ పద్యం
సాంచా = మరమగ్గం
దైన్యం = దీనత్వం
యాది = జ్ఞాపకం

అభ్యాసాలు

అ. వ్యాసరూప సమాధానం రాయండి.
1. ‘లోపాలుగా కనిపించేవే మూలధనం కావచ్చు.’ సి. నారాయణరెడ్డి జీవితం ఆధారంగా వివరించండి.
2. సిరిసిల్ల విద్యార్థిని రాసిన రెండు పరిచయాలకు గల భేదాన్ని చర్చించండి.

ఆ. సంక్షిప్త సమాధానం రాయండి.
1. ఆత్మపరిచయానికి, ఆత్మస్తుతికి గల తేడా ఏమిటి?
2. సామల సదాశివ తన జ్ఞాపకాలకు ‘యాది’ అని పేరు పెట్టడంలోని విశేషం ఏమిటి?
3. ఒగ్గుకథను గురించి రాయండి.

ఇ. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. “గుణకారం నాకు బడి కన్నా ముందు వచ్చింది.”
2. “శ్రద్ధ తోడైనప్పుడే ఇష్టం అభిరుచి అవుతుంది.”

ఈ. భాషాంశాలు
1. విడదీసి, సంధి పేరు రాయండి : కావ్యారంభం, ఊరంతా.
2. విగ్రహవాక్యం, సమాసం పేరు రాయండి : తల్లిదండ్రులు, ఆత్మస్తుతి.

ఉ. ప్రాజెక్టు పని
మీ ఇంటిలోని పెద్దవారిని అడిగి, వారి బాల్యంలోని ఒక వినోదాన్ని గురించి తెలుసుకోండి. దానిని వారి మాటల్లోనే ఒక పుట రాసి, తరగతిలో చదివి వినిపించండి.