దుంప రైతులకు ఉమ్మడి సంఘము

బంగాళాదుంపను చిత్తూరు వైపు ఉర్లగడ్డ అనియు, తెలంగాణలో ఆలుగడ్డ అనియు అందురు. చిలగడదుంపకు రాయలసీమలో గెనుసుగడ్డ అనియు, తెలంగాణలో మోరంగడ్డ అనియు పేర్లు గలవు. సంతలో రెండును ఒకే గోనెపట్టా మీద కనిపించును గాని వాటికి చుట్టరికము లేదు. బంగాళాదుంప వంగ, మిరప, టమాటాల కుటుంబమునకు చెందినది. మనము తినునది భూమిలో ఊరిన కాండము. అందుచేతనే దానికి కన్నులుండును, దుంపనే విత్తనముగా నాటుదుము. చిలగడదుంప తూటి జాతిది. అందు మనము తినునది ఊరిన వేరు, నాటునది తీగముక్క.

ఈ భేదమువలన రెండు పంటలకు నష్టము వచ్చు దారులును వేరు. ఒకదానికి చెడ్డ విత్తనము, రెండవదానికి ముక్కు పురుగు. అయితే రైతు సోదరులారా, ఒక విషయములో మాత్రము ఇవి రెండును ఒక్కటే. మీరొక్కరే ఎంత బాగుగా దున్ని, ఎంత ఎరువు వేసినను ఈ నష్టములను పూర్తిగా ఆపుకొనజాలరు. పది మంది రైతులు, వారితో ఒక పరిశోధకుడు కలిసిననే వీటికి ఉపాయము దొరకును.

మొదట బంగాళాదుంప సంగతి చూతము. పలమనేరు, వి.కోట, జహీరాబాదు ప్రాంతముల రైతులకు విత్తనపు దుంప పంజాబు, ఆగ్రా వంటి దూరప్రదేశముల నుండి రావలసినదే. మన పొలములో పండిన దుంపనే ఏటేట నాటినచో దిగుబడి తగ్గిపోవును. పేనుబంక ఒక మొక్క రసము పీల్చి మరియొక మొక్క మీద వాలునపుడు వైరస్ తెగుళ్లను అంటించును. ఆ వైరస్ దుంపలో చేరి, మరుసటి పంటకు విత్తనముతోనే వచ్చును. మన వెచ్చని వాతావరణములో పేనుబంకకు విరామము తక్కువ.

ఒకప్పుడు ఉత్తరాది రైతులకును ఇదే ఇబ్బంది ఉండెడిది. వారు మంచి విత్తనమునకై సిమ్లా కొండల వైపు చూచెడివారు. 1949లో పాట్నాలో స్థాపింపబడి 1956లో సిమ్లాకు మారిన కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థలో డాక్టర్ పుష్కర్‌నాథ్ దీనికి ఒక మార్గము కనిపెట్టిరి. ఉత్తరాది మైదానములలో అక్టోబరు నుండి జనవరి మొదటి వారము వరకు పేనుబంక చాల తక్కువ. ఆ వ్యవధిలోనే విత్తనపు పైరును పెంచి, 100 ఆకులకు 20 పేనుబంకలు కనిపించు లోపలనే మొక్కల పైభాగమును కోసివేయవలెను. దుంప నేలలోనే ఉండి తోలు గట్టిపడిన పిదప త్రవ్వుదురు. మన లారీలలో దిగు మంచి విత్తనము ఈ పద్ధతిన పండినదే.

ఇక చిక్కు ఎక్కడనగా, వైరస్ ఉన్నదీ లేనిదీ బస్తాలోని దుంపను చూచి చెప్పలేము. దుంప నున్నగా, గట్టిగా, ముచ్చటగా ఉండవచ్చును. తెగులు తెలియునది ఆకులో. ముడుతలు, పసుపు మచ్చలు, పైకి చుట్టుకొనిన ఆకులు దాని గుర్తులు. కాబట్టి విత్తనమును పరీక్షించు కాలము మనము నాటు అక్టోబరు కాదు, అంతకు ముందటి డిసెంబరు. స్థలము మన మార్కెట్టు యార్డు కాదు, పంజాబులోని పొలము. రెండెకరముల రైతు దీనికై అంత దూరము ఎట్లు పోగలడు? అందుచేత దళారి మాటే ధ్రువపత్రమగుచున్నది.

లెక్క వేసి చూడుడు. ఎకరమునకు సుమారు 7 క్వింటాళ్ల విత్తనము కావలెను. 100 క్వింటాళ్ల లారీ 14 ఎకరములకు సరిపోవును. అనగా రెండెకరముల రైతులు ఏడుగురు కలిసిన ఒక లారీ. ముప్పది మంది కలిసిన నాలుగు లారీలు. అప్పుడు ఇద్దరిని డిసెంబరులో పంపి, ఆకు కోయకముందు పైరును చూచి, చేను పేరుతో బేరము కుదుర్చుకొనవచ్చును. దారి ఖర్చు క్వింటాలుకు కొద్దిపాటియే పడును.

సంఘము చేయదగిన రెండవ పని మరింత సులభము. వచ్చిన ప్రతి లారీ నుండి, వేర్వేరు బస్తాలలో చేయి పెట్టి, 100 దుంపలు తీసి ఒక సభ్యుని పొలములో వేరుగా నాటి గుర్తు కర్ర పాతవలెను. 40, 45 రోజులకు పరిశోధన కేంద్రము వారిని పిలిచి తెగులు మొక్కలను లెక్కించి, లారీ వారీగా రిజిస్టరులో వ్రాయవలెను. మూడేండ్లు ఇట్లు వ్రాసిన పుస్తకమునకు మించిన సాక్ష్యము ఏ వర్తకుని వద్దను ఉండదు. పరిశోధకునకును అది విలువైనదే. సొంత కేంద్రములోని నాలుగు మళ్లలో అతనికి దొరకని సమాచారము మీ ముప్పది పొలములలో దొరకును.

రకముల విషయములోను ఇట్లే. కుఫ్రి అనునది సిమ్లా వద్ద ఒక ఊరు. కుఫ్రి జ్యోతి 1968లో విడుదల అయినపుడు ఆకుమాడు తెగులును తట్టుకొనెడిది. కాలక్రమమున ఆ శక్తి సడలినది. పేరు పాతదే గదా యని మందు చల్లుట ఆలస్యము చేసినవారు చేను పోగొట్టుకొందురు.

చిలగడదుంపకు శత్రువు ముక్కు పురుగు. చూచుటకు చీమవలె ఉండును, నడుము ఎర్రన, మిగిలినది నీలి నలుపు. తీగ మొదటను, నేల నెర్రెల గుండా పోయి దుంప మీదను గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగు దుంపను తొలిచినచో, కొద్ది భాగమే చెడినను తక్కినది చేదెక్కి ఎవరును కొనరు. అట్టి దుంపలను పశువులకును వేయరాదు.

దీనికి మీ చేతిలోని జాగ్రత్తలు ఇవి: ముదురు మొదళ్లను వదలి, తీగ చివరల నుండి 3, 4 కణుపులుగల ముక్కలనే తీయుడు. 30వ రోజున, 60వ రోజున బోదెలకు మట్టి ఎగదోయుడు. నేల నెర్రెలు విడువనీయకుడు. పక్వమునకు రాగానే త్రవ్వి, మిగిలిన తీగలను, ముక్కదుంపలను ఏరి నాశనము చేయుడు. ఇక లింగాకర్షక ఎరలు 100 చదరపు మీటర్లకు ఒకటి చొప్పున పెట్టవలెను. ఎరలో పడునవి మగ పురుగులు మాత్రమే. ప్రక్కచేనిలో పాత తీగ కుళ్లుచున్నంత కాలము అక్కడి ఆడ పురుగు గట్టు దాటి మీ చేనిలోనికి వచ్చుచునే యుండును. కావున ఒక్కరు పది ఎరలు పెట్టుటకన్న, ఊరంతయు ఒకే వారములో చేలు శుభ్రపరచి ఎరలు పెట్టుట మేలు.

తిరువనంతపురములో 1963లో ఏర్పడిన కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ, భువనేశ్వరములోని దాని ప్రాంతీయ కేంద్రము మంచి రకములు ఇచ్చినవి. భూ సోనా దుంప నారింజ రంగు, 100 గ్రాములలో 14 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ గలది. భూ కృష్ణ ఊదారంగుది, కొంత చవుడును ఓర్చుకొనును. అయితే తీగతో పెరుగు పంటకు విత్తన సంచి ఉండదు. 60 × 20 సెంటీమీటర్ల ఎడమున ఎకరమునకు సుమారు 33 వేల ముక్కలు కావలెను, అవి పచ్చిగానే చేరవలెను. ఊరిలో ఎవరో ఒకరు తీగ పెంచవలసినదే. మొజాంబిక్, ఉగాండాలలో నారింజ రంగు చిలగడదుంపను వ్యాపింపజేసిన మరియా ఆండ్రాడే, రాబర్ట్ మ్వాంగా, జాన్ లో అను శాస్త్రజ్ఞులకు, హోవర్త్ బౌయిస్‌తో కలిపి, 2016లో ప్రపంచ ఆహార బహుమతి లభించినది. అచ్చటను తీగను పెంచి పంచినవారు గ్రామముల రైతులే.

శాస్త్రజ్ఞులకు తమ సంఘములు లేకపోలేదు. సిమ్లాలో ఇండియన్ పొటాటో అసోసియేషన్, తిరువనంతపురములో ఇండియన్ సొసైటీ ఫర్ రూట్ క్రాప్స్ పత్రికలు నడుపుచున్నవి. అవి ఇంగ్లీషులో వెలువడును, మీ ఊరికి రావు. మీ సంఘమునకు ఒక పరిశోధకుని సలహాదారుగా చేర్చుకొనిన ఆ కొరత తీరును. డబ్బు సంచి మాత్రము ఆయన చేతికి గాని, నా వంటి అధికారి చేతికి గాని ఇవ్వకుడు. అది సభ్యులదే. రిజిస్ట్రేషనుకు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము గలదు, ఉత్పత్తిదారుల కంపెనీగానైనను పెట్టుకొనవచ్చును. సబ్సిడీ కొరకే పెట్టిన సంఘము సబ్సిడీతోనే పోవును గనుక, మొదటి ఏడు ఒక్క లారీ విత్తనముతోను, ఒక్క తీగ నారుమడితోను ప్రారంభించుడు.

తీగ నారుమడి లెక్క: ఎకరము నాటుటకు పురుగు సోకని మధ్యరకపు దుంపలు 40 కిలోలు తీసుకొని, 40 చదరపు మీటర్ల మడిలో నాటుడు. అందు వచ్చిన తీగను ముక్కలు చేసి 200 చదరపు మీటర్ల రెండవ మడిలో పెంచుడు. పొలములో నాటుటకు కోసిన తీగను ఆకులతోనే రెండు రోజులు నీడన ఉంచి, పిదప ముక్కలు చేసి నాటినచో వేరు త్వరగా పట్టును.