పెరడు లేని ఇంటికి అరుగే తోట
(పంచాయతీ సభ్యులకొక పాఠము)

బోథ్ మండలము పచ్చని సీమ. వానకాలమున కనుచూపు మేర పత్తి చేలు, సోయా చేలు. వానికావల టేకు అడవి. పొచ్చెర జలపాతము ఈ మండలములోనిదే. ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైబడి వాన కురియు ప్రాంతమిది. అయినను ఇచ్చట ఎన్నో కుటుంబములు ఒక కొత్తిమీర కట్టకైనను, పిడికెడు పాలకూరకైనను సంతదినము కొరకు ఎదురుచూడవలసి వచ్చుచున్నది. చేను పత్తికి పోయినది. పాత ఇండ్ల వెనుక ఉండిన పెరడు అన్నదమ్ముల పంపకములలో గదులుగా మారినది. కాలనీలలో ఇల్లు కట్టుకొన్నవారికి గోడకు గోడ ఆనియున్నది. మిగిలినది ముందరి అరుగు, నాలుగడుగుల వాకిలి మాత్రమే.

ఆ అరుగు మీదను, ఆ వాకిలిలోను కుండలు, తొట్లు, డబ్బాలు పెట్టి కూరగాయలు పండించుకొను విధమును ఈ పాఠములో వివరింపదలచితిమి. ఇది పట్టణవాసుల వినోదమని కొందరి తలంపు. పట్టణమున మిద్దె గలవానికి ఇది వినోదము కావచ్చును. పల్లెలో సెంటు భూమి లేనివానికి ఇదియే తోట.

ఎందుకు పూనుకొనవలెను?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకముల ప్రకారము వయోజనులు ఒక్కొక్కరు దినమునకు సుమారు 400 గ్రాముల కూరగాయలు తినవలెను. అందులో 100 గ్రాములు ఆకుకూరలై యుండవలెను. మన పళ్ళెములలో ఎంత యున్నదో మనకు తెలియును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగాను, ఆరు నెలలు నిండి అయిదేండ్లు నిండని పిల్లలలో నూటికి 70 మందియు రక్తహీనత గలవారని తేలినది. అనగా అంగన్‌వాడీకి పది మంది పిల్లలు వచ్చినచో అందులో ఏడుగురికి రక్తము చాలదన్నమాట.

ఉన్నమాట చెప్పవలెను. అయిదుగురు గల ఇంటికి దినమునకు అర కిలో ఆకుకూర కావలెను. అరుగు మీది తొట్లు ప్రతిదినము అంత ఈయజాలవు. రక్తహీనతకు తొట్టి మందు కాదు. ఆశా కార్యకర్త ఇచ్చు ఇనుము మాత్రలను గర్భవతులు మానరాదు. కాని వారమునకొకసారి సంతలో కొన్న కూర రెండు దినములలో వాడిపోవును. అరుగు మీది కూర కోసిన గడియలోనే కుండలో పడును. పప్పులో పిడికెడు తోటకూర పడినను, దానిపై నిమ్మరసము పిండుకొన్నను మేలే. నిమ్మలోని పులుపు కూరలోని ఇనుమును ఒంటికి బాగుగ పట్టించును.

ఏ పాత్ర మంచిది, ఏది ప్రమాదము?

పగిలిన కడవ, అడుగు చిల్లిపడిన గోలెము, నూనె డబ్బా, పాత బకెటు, కడిగిన సిమెంటు సంచి – ఇవన్నియు పనికివచ్చును. ఆకుకూరలకు జానెడు లోతు చాలును. మిరప, వంగ, టమాటలకు మూరకు తక్కువ కాని లోతు మేలు. బీర, కాకర, సొర వంటి తీగలకు ఇరువది లీటర్లు పట్టు పాత్ర కావలెను. ప్రతి పాత్రకును అడుగున చిటికెనవ్రేలు దూరునంతటి రంధ్రములు నాలుగైదు చేయవలెను. రంధ్రము లేని తొట్టిలో వేరు కుళ్ళును.

ఇచ్చట ఒక హెచ్చరిక. మనది పత్తి పండు ప్రాంతము. పురుగుమందుల ఖాళీ డబ్బాలు ప్రతి ఊరిలోను దొరకును. అవి గట్టివి, తేలికైనవి, ఉచితమైనవి. అందువలన వానిలో మొక్క పెట్టుదమని ఎవరికైనను తోచవచ్చును. పెట్టరాదు. ఎంత కడిగినను ప్లాస్టిక్కు గోడలలో విషము నిలిచియుండును. నీళ్ళు పోసిన కొలది అది మట్టిలోనికి, మట్టి నుండి వేరులోనికి చేరు ప్రమాదము కలదు. ఇట్టి డబ్బాలను మరల వాడుకకు అందకుండ పగులగొట్టి, ఊరికి దూరముగ పూడ్చవలెనని 1971 నాటి కీటకనాశినుల నియమావళియే చెప్పుచున్నది. పిల్లల ఎముకపుష్టికై పెట్టిన కూర పిల్లలకే విషము కారాదు. రంగుల డబ్బాలు, యంత్రపు నూనె డబ్బాలు సైతము వర్జ్యములే. పంచాయతీ సభ్యుడు ఇంటింటికి పోయినపుడు మొట్టమొదట చూడవలసినది మొక్కను కాదు, మొక్క ఉన్న పాత్రను.

మట్టి కలుపుట

మన నల్లరేగడి చేనికి బంగారమే గాని తొట్టికి ఒంటరిగ పనికిరాదు. తడిసినపుడు జిగురై వేరుకు గాలి తగులనీయదు. ఎండినపుడు బీటలువారి వేరును తెంపును. కావున రెండు తట్టల చెలక మన్నునకు ఒక తట్ట బాగుగ మాగిన పశువుల ఎరువు, ఒక తట్ట ఇసుక కలుపవలెను. నల్లమట్టి తప్ప వేరు మన్ను దొరకనిచోట మట్టి, ఎరువు, ఇసుక మూడును సమపాళ్ళలో కలుపవచ్చును. పచ్చిపేడ వేయరాదు, అది తొట్టిలో వేడెక్కి లేత వేరును కాల్చును, చెదలను రప్పించును. పిడికెడు వేపపిండి కలిపినచో వేరుపురుగు తగ్గును. అడుగున రంధ్రములపై కుండపెంకులు బోర్లించి, ఆపై మట్టి నింపి, అంచునకు రెండంగుళములు వెలితిగ ఉంచవలెను. ఆ వెలితి నీరు నిలుచుటకు.

ఎండయు నీడయు

ఆకుకూరలకు దినమునకు మూడు నాలుగు గంటల ఎండ చాలును. మిరప, టమాట, వంగలకు ఆరు గంటలు కావలెను. తూర్పు అరుగు అన్నిటికిని మంచిది. ఉత్తరపు నీడలో పుదీన పెరుగును. పడమటి అరుగు చలికాలమున మేలు, ఎండకాలమున కీడు.

మన ప్రాంతమున చలియు ఎక్కువ, ఎండయు ఎక్కువ. కావున కార్తెను చూచి విత్తవలెను. మృగశిరలో వాన పడగానే తోటకూర, పుంటికూర, బచ్చలి, తీగజాతులు; వానలు వెనుకకు తగ్గిన పిమ్మట పాలకూర, మెంతి, కొత్తిమీర, టమాట. మెంతి, కొత్తిమీరలకు చలి ఇష్టము. రోహిణి ఎండలలో తొట్లను అరుగు లోపలి అంచునకు జరిపి, పైన పాతచీర నీడ కట్టి, మట్టిపై ఎండుటాకులు పరచవలెను. జరుపుటకు వీలగుటయే తొట్టికున్న గొప్ప గుణము. చేను జరుగదు గదా.

తోటకూర, మెంతి నెల దినములలో కోతకు వచ్చును. ఒకేనాడు అన్ని తొట్లలో విత్తినచో ఒకేనాడు కోసి, పిమ్మట నెల దినములు ఊరకుండవలసి వచ్చును. పది దినములకొక తొట్టి చొప్పున మూడు తొట్లలో విత్తినచో కూర తెగకుండ వచ్చుచుండును. వేరుతో పీకక, రెండంగుళములు విడిచి కోసినచో తోటకూర, పాలకూర మరల చిగురించును.

బరువును మరువరాదు. తడిమట్టి నిండిన నూనె డబ్బా ఇద్దరు ఎత్తవలసినంత బరువుండును. మట్టిగోడల ఇండ్లలో తొట్లను గోడకు జానెడు ఎడముగ, ఇటుకలపై నిలుపవలెను. లేనిచో చెమ్మ గోడనెక్కును.

నీరు, దోమ

తొట్టికి నీరు పెట్టుటకు కొలత వ్రేలే. వ్రేలిని మట్టిలో ఒక కణుపు లోతు దించి చూడుడు. తడి తగిలినచో ఆనాడు నీరు వలదు. బియ్యము, కూరలు కడిగిన నీరు చాలవరకు సరిపోవును. సబ్బు కలిసిన నీరు పోయరాదు. అరుగు మీది తోట కొరకు నల్లా విప్పి ఉంచనక్కరలేదు.

తొట్టి క్రింద పళ్ళెము పెట్టువారు ఇది గుర్తింపవలెను. డెంగీ వ్యాపింపజేయు దోమ మురికి కాలువలో గాక నిలువయున్న మంచినీటిలో గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు దోమయగుటకు ఎనిమిది పది దినములు చాలును. కావున వారమునకొకసారి పళ్ళెములోని నీరు పారబోయవలెను. పారబోసిన చాలదు, ఆ గ్రుడ్లు పళ్ళెపు గోడకంటి, ఎండినను నెలల తరబడి బ్రతికియుండగలవు. కొబ్బరిపీచుతో తోమవలెను. పళ్ళెములో ఇసుక నింపినచో ఈ శ్రమయే లేదు. పాత టైర్లలో మొక్కలు పెట్టువారు టైరు లోపలి మడతలో నీరు నిలువకుండ రంధ్రములు చేయవలెను. కూర కొరకు తొట్టి పెట్టి జ్వరమును ఇంటికి పిలువరాదు.

పురుగులు, కోతులు

పేనుబంక కనబడినచో మొదట చేతితో తుడిచి, నీళ్ళు చిమ్మవలెను. తగ్గనిచో 50 గ్రాముల వేపగింజల పొడిని గుడ్డలో కట్టి ఒక లీటరు నీటిలో రాత్రి నానవేసి, ఉదయము వడకట్టి, కొలదిగ సబ్బునీరు కలిపి సాయంకాలము చల్లవలెను. పత్తికి తెచ్చిన మందులో మిగిలినది చల్లుట మహాపరాధము. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడరాదని 2005లోనే ప్రభుత్వము నిషేధించినది. అరుగు మీది కూరను పిల్లలు ఆడుకొనుచు త్రుంచి నోట పెట్టుకొందురని మరువకుడు.

కోతుల బాధ ఎల్లరెరిగినదే. నిర్మల్ సమీపమున చించోలిలో 2020లో కోతుల సంరక్షణ కేంద్రము ఏర్పడినంతటి సమస్య యిది. పెరటిని కాపాడుట కష్టము. అరుగును కాపాడుట సులభము. రెండు వెదురుబద్దలు వంచి నిలిపి, పాత వల కప్పినచో తొట్లు భద్రము. ఇదే వల కోళ్ళను, మేకలను గూడ ఆపును.

పంచాయతీ చేయదగినది

2018 పంచాయతీరాజ్ చట్టము తరువాత ప్రతి గ్రామపంచాయతీకి ఒక నర్సరీ ఏర్పడినది. చెత్తను వేరుచేసి ఎరువు చేయు షెడ్లు కట్టబడినవి. అనగా మొక్కయు, ఎరువును, నీరు పట్టు చేయియు గ్రామమున ముందే ఉన్నవి. వీనిని అరుగుతో కలుపుటయే మిగిలిన పని. అందుకు ఈ క్రమమును సూచించుచున్నాము.

ఒకటి: పెరడు లేని ఇండ్ల జాబితాను వార్డు సభ్యులు వ్రాయవలెను. వానిలోను గర్భవతులు, పసిపిల్లలు గల ఇండ్లను ముందుంచవలెను. జాబితా అంగన్‌వాడీ టీచరు వద్ద సరిచూచుకొనవచ్చును.

రెండు: నర్సరీలో ఒక మడిలో మిరప, వంగ, టమాట నారు పోయించవలెను. నెల దినములకు నారు పంపకమునకు వచ్చును. చెట్ల మొక్కలకు ఇందువలన లోటు రాకుండ కార్యదర్శితో ముందే మాటలాడుకొనవలెను.

మూడు: షెడ్డులోని ఎరువును జల్లించి, గాజుపెంకులు, ప్లాస్టిక్కు ముక్కలు లేకుండ చూచి, ఇంటికి రెండు తట్టలు ఈయవలెను.

నాలుగు: అంగన్‌వాడీ ముంగిట ఎనిమిది తొట్లు పెట్టించవలెను. మూడు ఆకుకూరలకు, రెండు మిరపకు, ఒకటి టమాటకు, ఒకటి పుదీనకు, ఒకటి బచ్చలి తీగకు. తల్లులు దినము చూచునది ఉపన్యాసము కన్న బాగుగ నేర్పును.

అయిదు: మహిళాసంఘపు సమావేశములో విత్తనములు మార్చుకొను ఆచారము పెట్టవలెను. ఒక్క తోటకూర మొక్కను పూతకు విడిచినచో గుప్పెడు విత్తనము వచ్చును, వీధికంతటికి చాలును.

ఆరు: మూడు నెలల తరువాత మరల ఇంటింటికి పోయి, ఎన్ని తొట్లు ఇచ్చితిమో గాక, ఎన్ని తొట్ల నుండి కూర కోసిరో లెక్క వ్రాయవలెను. ఎండిన తొట్టి కనబడినచో ఇంటివారిని నిందింపక కారణము విచారింపవలెను. పత్తి ఏరు దినములలో తల్లి పొద్దున పోయి పొద్దుక్రుంకి వచ్చును. అట్టి ఇంటికి ఎనిమిది తొట్లు భారము, రెండు చాలును. నీరు పోయుపని బడికి పోవు పిల్లవానికి అప్పగింపవచ్చును.

పంచాయతీ పనులలో రోడ్డు కనబడును, భవనము కనబడును. వానికి శిలాఫలకమును ఉండును. అరుగు మీది తోటకూర తొట్టికి శిలాఫలకము లేదు. కాని పది మంది పిల్లలలో ఏడుగురికి రక్తము చాలని లెక్క మన కన్నుల ముందున్నది. వచ్చు సమావేశమున చర్చాంశములలో దీనిని గూడ చేర్చుడు. మృగశిర లోపల జాబితా సిద్ధమైనచో, తొలివానకు తొలి విత్తనము పడును.