4 కాదు, 3 కాదు... మరి ఎంత?

ఈ నెల ఏడో తరగతిలో మ్యాథ్స్, సోషల్ కలిపి ఒక పాఠం చెప్పాను.

ప్లేటో రాసిన ‘మెనో’లో సోక్రటీస్ ఒక కుర్రాడికి లెక్క ఇస్తాడు. 2 అడుగుల భుజం ఉన్న చతురస్రం వైశాల్యం 4 చదరపు అడుగులు. వైశాల్యం రెట్టింపు కావాలంటే భుజం ఎంత ఉండాలి? కుర్రాడు 4 అన్నాడు. గీస్తే 16 వచ్చింది. 3 అన్నాడు, 9 వచ్చింది. ఇక తెలియదని ఒప్పుకున్నాడు. అప్పుడు సోక్రటీస్ కర్ణం గీసి చూపించాడు. కర్ణాన్నే భుజంగా తీసుకుంటే వైశాల్యం సరిగ్గా 8!

మన పిల్లల్లో కూడా చాలామంది ముందు 4 అనే అన్నారు.

ఆ కుర్రాడు మెనో ఇంటి బానిస అని చెప్పగానే ఒక పాప లేచి, “అతని పేరేంటి మేడమ్?” అని అడిగింది. పుస్తకంలో పేరు లేదు. “లెక్క వచ్చాక వదిలేశారా?” అన్నాడు ఇంకొకబ్బాయి. అలాంటి మాట కూడా అందులో లేదు. ఏథెన్స్‌లో బానిసలకూ స్త్రీలకూ ఓటు లేదన్న పాఠం అక్కడి నుంచే మొదలైంది. నేను అనుకున్న వర్క్‌షీట్ మిగిలిపోయింది, ఫరవాలేదు.

ఇంట్లో ఒక చతురస్రం కాగితం ఇవ్వండి. నాలుగు మూలలూ మధ్యకు మడిస్తే వైశాల్యం సగమవుతుంది, విప్పితే రెట్టింపు. తర్వాత ఇదే లెక్క అడగండి. మీ చిన్నవాళ్లు 4 అంటే వెంటనే తప్పు అనకండి. గీసి చూడమనండి, చాలు.